ఎత్తుపల్లాల దారికి సైకిల్: గేర్ల సంఖ్య చెప్పని లెక్కలు

మిట్ట ఎక్కుతున్న సైకిల్‌ను పక్కనుంచి గమనిస్తే ఒక క్షణం స్పష్టంగా కనిపిస్తుంది. చైన్ అప్పటికే వెనుక ఉన్న పళ్ళచక్రాలలో అన్నిటికన్నా పెద్దదాని మీదికి చేరి ఉంటుంది. తొక్కేవారి బొటనవేలు అలవాటుకొద్దీ గేరు మీటను మరోసారి నొక్కుతుంది, అది కదలదు. పెడల్ పైకి వచ్చిన ప్రతిసారీ సైకిల్ దాదాపు ఆగినంత పనై ముందు చక్రం అటూ ఇటూ ఊగుతుంది, మరో పది తొక్కులలో పాదం నేలకు ఆనుతుంది. ఇలా దిగిపోయినవారిలో చాలామంది తప్పు తమ కాళ్ళదని, లేకపోతే సైకిల్ బరువుదని అనుకుంటారు. చాలా సందర్భాలలో అసలు కారణం మూడోది: ఆ సైకిల్‌కు బిగించిన పళ్ళచక్రాల లెక్క ఆ వాలుకు సరిపోలేదు.

కొత్తగా సైకిల్ కొనేవారికి ఈ లెక్క ఎవరూ విడమరచి చెప్పరు. ఫ్రేమ్ ఏ లోహంతో చేశారు, మొత్తం ఎన్ని గేర్లు, ముందు సస్పెన్షన్ ఉందా అన్న వివరాలే పెద్ద అక్షరాలలో కనిపిస్తాయి. ఎత్తుపల్లాల దారిలో రోజూ తొక్కబోయే సాధారణ మనిషికి, పరిమితమైన ఖర్చులో, వీటిలో ఏది ఎంత పనికివస్తుందో తెలియాలంటే మొదట వాలు కాలిని ఎంత అడుగుతుందో చూడాలి.

శాతంలో చెప్పే వాలు, వాట్లలో చెప్పే శ్రమ

అడ్డంగా 100 మీటర్ల దూరం సాగేలోపు దారి 6 మీటర్లు ఎత్తు పెరిగితే దానిని 6 శాతం వాలు అంటారు. వినడానికి అది చిన్న అంకెలాగే ఉంటుంది. 70 కిలోల మనిషి 15 కిలోల సైకిల్ తొక్కుతున్నారనుకుందాం. కింది లెక్కలు చాలావరకు ఈ 85 కిలోల జంట మీద వేసినవే. చదునైన దారిలో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోవడానికి సుమారు 90 వాట్ల శక్తి చాలు, అందులో సగానికి పైగా గాలిని తోసుకుపోవడానికే ఖర్చవుతుంది. అదే జంట 6 శాతం వాలు మీద గంటకు 8 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే సుమారు 130 వాట్లు కావాలి, అందులో 110 వాట్లు కేవలం బరువును పైకి చేరవేయడానికే పోతాయి. వేగం సగానికన్నా తగ్గింది, శ్రమ మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లయింది.

ప్రత్యేకమైన శిక్షణ లేని ఆరోగ్యవంతులు గంటసేపు నిలకడగా ఇవ్వగలిగే శక్తి సుమారు 100 నుంచి 150 వాట్ల మధ్య ఉంటుంది. అందువల్ల వాలు పెరిగినప్పుడు శక్తిని పెంచడం వారికి కుదరదు, వేగాన్ని తగ్గించుకోవడమే మార్గం. 130 వాట్లతోనే 10 శాతం వాలు ఎక్కితే వేగం గంటకు సుమారు 5.2 కిలోమీటర్లకు పడిపోతుంది, అంటే నిమిషానికి 87 మీటర్లు. చురుకైన నడక వేగమది. అంత నెమ్మదిగా పోతున్నప్పుడు కూడా కాళ్ళు తేలికగా తిరగనిచ్చే ఏర్పాటు సైకిల్‌లో ఉందా లేదా అన్నది గేరు నిష్పత్తి నిర్ణయిస్తుంది.

గేరు నిష్పత్తి: ఒక చిన్న భాగహారం

పెడళ్ళ దగ్గరి పళ్ళచక్రంలో ఎన్ని పళ్ళున్నాయో, ఆ సంఖ్యను వెనుక పళ్ళచక్రంలోని పళ్ళ సంఖ్యతో భాగిస్తే వచ్చేదే గేరు నిష్పత్తి. ముందు 34, వెనుక 28 ఉంటే నిష్పత్తి 1.21, పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం 1.21 చుట్లు తిరుగుతుందని అర్థం. ఆ అంకెను చక్రం చుట్టుకొలతతో గుణిస్తే ఒక తొక్కుకు సైకిల్ ఎంత దూరం జరుగుతుందో తెలుస్తుంది. ఆ దూరం తక్కువైనకొద్దీ ఎత్తు ఎక్కడం తేలిక. ఈ అంకెల కోసం పెద్దగా వెతకనక్కరలేదు. చాలా సైకిళ్ళలో వెనుక చక్రం పక్కన కూర్చుని పెద్ద పళ్ళచక్రం మీది మట్టిని వేలితో తుడిస్తే 28టి, 34టి వంటి గుర్తు చెక్కి కనిపిస్తుంది. లేకపోతే ఒక పంటికి సుద్దముక్కతో గీత పెట్టి లెక్కపెట్టవచ్చు.

ఇప్పుడు మూడు రకాల సైకిళ్ళను అదే 10 శాతం వాలు మీద నిలబెట్టి చూద్దాం. మొదటిది వంపు హ్యాండిల్ ఉన్న రోడ్డు సైకిల్, దాని అతి తేలిక గేరు ముందు 34, వెనుక 28. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు కాబట్టి ఒక తొక్కుకు 2.55 మీటర్లు జరుగుతుంది. నిమిషానికి 87 మీటర్ల వేగంలో పెడళ్ళు తిరిగేది 34 చుట్లే. రెండోది నిటారు హ్యాండిల్ ఉన్న సాధారణ హైబ్రిడ్ సైకిల్, ముందు 28, వెనుక 28. ఒక తొక్కుకు 2.18 మీటర్లు, నిమిషానికి 40 చుట్లు. మూడోది కొండదారుల కోసం చేసిన మౌంటెన్ సైకిల్, ముందు 22, వెనుక 34. ఒక తొక్కుకు 1.39 మీటర్లు, నిమిషానికి 63 చుట్లు.

సాధారణంగా నిమిషానికి 60 నుంచి 90 చుట్ల మధ్య కాళ్ళకు హాయిగా ఉంటుంది. 50కి దిగువన ప్రతి తొక్కూ ఒక మెట్టు ఎక్కినట్టుగా మారుతుంది. మూడు సైకిళ్ళ మీదా మనిషి పెడుతున్న శక్తి 130 వాట్లే అయినా పెడల్ మీద పడే బలం ఒకటి కాదు. 17 సెంటీమీటర్ల క్రాంక్‌తో, అంటే పెడల్‌ను పట్టి ఉంచే కడ్డీతో, లెక్కిస్తే రోడ్డు సైకిల్ మీద పాదం సగటున 22 కిలోల బరువుకు సమానమైన బలంతో నొక్కవలసి వస్తుంది, మౌంటెన్ సైకిల్ మీద 12 కిలోలు సరిపోతాయి. తొక్కులో బలం అంతటా ఒకేలా ఉండదు కనుక పెడల్ కిందికి దిగే ఘడియలో నిజమైన బలం ఈ సగటుకు దాదాపు రెండింతలు ఉంటుంది. మోకాలి ముందు భాగంలో మొదలయ్యే నొప్పికి ఒక కారణం, తక్కువ చుట్లతో ఎక్కువ బలం పెట్టే ఈ పద్ధతి.

దీనికి ఒక ఎదురు వాదన ఉంది, అది న్యాయమైనదే. నిష్పత్తిని మరీ తగ్గించి లాభం లేదని కొందరు అంటారు, ఎందుకంటే గంటకు 5 కిలోమీటర్లకన్నా నెమ్మదిగా పోతే సైకిల్‌ను నిలదొక్కుకోవడమే కష్టం, ఆ వేగంలో దిగి నడిపించడం సులువు. 0.65 నిష్పత్తితో నిమిషానికి 60 చుట్లు తొక్కితే వచ్చే వేగం సరిగ్గా ఆ 5 కిలోమీటర్లే. కనుక అంతకన్నా కిందికి పోవడం వల్ల చాలామందికి ప్రయోజనం తక్కువ. అయితే దుకాణాలలో నిలబెట్టిన మామూలు సైకిళ్ళలో ఎక్కువభాగం ఆ హద్దుకు చాలా ఎగువనే, 1కి అటూ ఇటూ ఆగిపోతున్నాయి. నిటారు వాలులు తరచుగా ఎదురయ్యే దారికి అతి తేలిక గేరు 0.8కి లోపు ఉండాలని నా అభిప్రాయం. 4, 5 శాతం మిట్టలే ఉన్న దారిలో 1 నిష్పత్తితో ఇబ్బంది లేకుండా గడిచిపోతుంది.

తేలిక గేరును చిన్నతనంగా భావించే ధోరణి చాలా పాతది. ఫ్రాన్సులోని సాంతెత్యెన్ పట్టణంలో వెలోసియో అన్న కలంపేరుతో రాసిన పాల్ ద వివీ గేర్లు మార్చుకునే సైకిల్ కోసం దశాబ్దాలపాటు వాదించాడు. అయినా 1903లో మొదలైన టూర్ ద ఫ్రాన్స్ పందెంలో చైన్‌ను ఒక పళ్ళచక్రం నుంచి మరోదాని మీదికి మార్చే డిరైల్యూర్‌ను పోటీదారులకు అనుమతించింది 1937లోనే. అప్పటిదాకా వారు కొండ మొదట్లో దిగి, వెనుక చక్రాన్ని ఊడదీసి, రెండో పక్కనున్న పెద్ద పళ్ళచక్రం చైన్‌కు అందేలా తిప్పి బిగించుకునేవారు.

21 గేర్లు 10 గేర్లకన్నా ఎక్కువేనా?

ముందు మూడు, వెనుక ఏడు పళ్ళచక్రాలు ఉంటే 3ను 7తో గుణించి 21 గేర్లు అంటారు. ముందు 48, 38, 28 పళ్ళు, వెనుక 14 నుంచి 28 దాకా ఉన్న సైకిల్‌ను తీసుకుంటే, ముందు 48 వెనుక 28 నిష్పత్తి 1.71, ముందు 38 వెనుక 22 నిష్పత్తి 1.73, ముందు 28 వెనుక 16 నిష్పత్తి 1.75. పేరుకు మూడు గేర్లైనా కాలికి తెలిసేది ఒకటే. ఇలాంటి పునరుక్తులు ఇంకా ఉన్నాయి. పైగా ముందు పెద్దది, వెనుక పెద్దది కలిపితే చైన్ బాగా ఏటవాలుగా నడిచి త్వరగా అరుగుతుంది కాబట్టి ఆ జతలను వాడకపోవడమే మంచిది.

సంఖ్యకన్నా ఎక్కువ చెప్పేది విస్తృతి, అంటే అతి బరువైన గేరును అతి తేలికైన గేరుతో భాగిస్తే వచ్చేది. పై సైకిల్‌లో 3.43ను 1తో భాగిస్తే 343 శాతం. ముందు ఒకే ఒక 32 పళ్ళ చక్రం, వెనుక 11 నుంచి 46 దాకా పది చక్రాలు ఉన్న మరో సైకిల్‌లో నిష్పత్తులు 2.91 నుంచి 0.70 దాకా, విస్తృతి 418 శాతం. గేర్ల సంఖ్య సగానికన్నా తక్కువైనా ఈ రెండోదే ఎత్తు తేలికగా ఎక్కిస్తుంది. చదునులో నిమిషానికి 80 చుట్లతో గంటకు 30 కిలోమీటర్లు కూడా అందుకుంటుంది. ముందు గేరు మార్చే మీట ఉండదు కనుక మిట్ట మధ్యలో తడబాటు ఉండదు. లోపం ఏమిటంటే, ఒక్కో గేరుకూ మధ్య దూరం సగటున 17 శాతం ఉంటుంది, నిలకడైన లయతో దూరాలు తొక్కేవారికి ఆ గంతులు నచ్చవు. వెనుక పళ్ళచక్రాల సెట్టు అరిగినప్పుడు దాని ధర కూడా ఎక్కువే.

చక్రం ఇరుసులోనే గేర్లు దాగి ఉండే హబ్ గేరు మూడో మార్గం. వాన, బురద దానికి అంటవు, ఆగి ఉన్నప్పుడు కూడా గేరు మారుతుంది. పాత మూడు గేర్ల హబ్బుల విస్తృతి 177 శాతమే. కొండ కోసం అతి తేలిక గేరును 0.9కి దించితే అతి బరువైనది 1.6 దగ్గరే ఆగిపోతుంది, అప్పుడు చదును దారిలో నిమిషానికి 70 చుట్లు తొక్కినా వేగం గంటకు 15 కిలోమీటర్లు దాటదు. షిమానో వారి ఎనిమిది గేర్ల హబ్బులో విస్తృతి 307 శాతం దాకా వస్తుంది, కాని బరువూ ధరా దానితోపాటే పెరుగుతాయి.

బరువు గురించి

తేలికైన సైకిల్ కావాలన్న కోరిక సహజం, భూమి ఆకర్షణతో పోరాడేది బరువే కాబట్టి. అయితే లాగవలసింది సైకిల్‌ను మాత్రమే కాదు, మనిషిని కూడా. 15 కిలోల సైకిల్‌కు బదులు 11 కిలోలది కొంటే మొత్తం 85 కిలోలలో తగ్గేది 4.7 శాతం. 20 నిమిషాలు పట్టే మిట్టలో అది ఒక్క నిమిషంకన్నా కాస్త తక్కువ ఆదా చేస్తుంది. పందెంలో ఆ నిమిషమే గెలుపోటములు తేలుస్తుంది. రోజూ పనికి పోయేవారికి అది ఒక కూడలి దగ్గర ఆగినంత సేపు. 50 కిలోల మనిషికి మాత్రం ఆ 4 కిలోలు మొత్తంలో 6 శాతం అవుతాయి. సైకిల్‌ను రోజూ మెట్ల మీదుగా పై అంతస్తుకు మోసుకుపోయేవారికైతే ఆ తేడా తొక్కేటప్పటికన్నా భుజం మీద ఎక్కువ తెలుస్తుంది.

దానికన్నా పెద్ద నష్టం చాలామంది దృష్టికి రాని చోట ఉంది. పదునైన గట్లున్న చవక మౌంటెన్ టైరు తారుదారి మీద దొర్లేటప్పుడు కలిగించే నిరోధం, మంచి నున్నని టైరుతో పోలిస్తే దాదాపు రెండింతలు ఉండవచ్చు. 6 శాతం వాలు మీద 8 కిలోమీటర్ల వేగంలో అది సుమారు 11 వాట్లు, అంటే వెనుక 7 కిలోల మూట కట్టుకుని ఎక్కినట్టే. టైర్ల జత మార్చడానికి అయ్యే ఖర్చుతో 7 కిలోల తేలికదనం మరే మార్గంలోనూ దొరకదు.

సౌకర్యం: సీటు మెత్తదనంకన్నా ముందు చూసేవి

దుకాణంలో వేలితో నొక్కి చూస్తే మెత్తని జెల్ సీటే హాయి అనిపిస్తుంది. గంట గడిచాక కథ మారుతుంది. కూర్చున్నప్పుడు శరీర భారం మోసేవి కటిభాగంలోని రెండు ఎముకలు. సీటు వాటికి సరిపడా వెడల్పుగా, ఓ మోస్తరు గట్టిగా ఉంటే బరువు వాటి మీదే నిలుస్తుంది. మరీ మెత్తగా ఉంటే ఎముకలు దిగబడి, మధ్యలోని మెత్త పైకి ఉబికి, సున్నితమైన చోట ఒత్తుకుంటుంది.

సీటు ఎత్తు విషయంలో కొత్తవారి కోరికకూ మోకాలి అవసరానికీ పొసగదు. సీటు మీద కూర్చునే రెండు పాదాలూ నేలకు ఆనాలని కొత్తవారు కోరుకుంటారు, భయం పోవడానికి అది మంచిదే. కాని పెడల్ అడుగుకు చేరినప్పుడు మోకాలు సుమారు 25 నుంచి 35 డిగ్రీలు మాత్రమే వంగి ఉండేంత ఎత్తులో సీటు ఉంటేనే తొడ కండరాలు పూర్తిగా పనిచేస్తాయి, ఆ ఎత్తులో నేలకు అందేది వేళ్ళ కొనలే. ఫ్రేమ్ కొలత కుదిరిందా లేదా అన్నది సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య దూరంలో బయటపడుతుంది. సీటును పైకి కిందికి ఎంతైనా జరపవచ్చు, ముందుకు వెనక్కు మాత్రం కొద్దిగానే జరపగలం.

నిటారుగా కూర్చునే సైకిల్ హాయిగా ఉంటుందన్న మాట చదును దారిలో చాలామటుకు నిజం. నిటారు వాలులో మాత్రం మనిషి బరువంతా వెనుకకు జారి ముందు చక్రం తేలిపోతుంది, తొక్కడానికి నడుము కండరాల ఆసరా కూడా తగ్గుతుంది. మరీ ముందుకు వంగే రోడ్డు సైకిల్ మీద ఆ చిక్కు లేదు గాని మెడకూ అరచేతులకూ భారం. నడుము కొద్దిగా ముందుకు వాలి, మోచేతులు సడలి ఉండే మధ్యస్థ భంగిమ ఎక్కువమందికి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కుదురుతుంది.

గతుకులను మింగే పనిలో సస్పెన్షన్‌కు ఉన్న పేరు టైరుకు లేదు. చవక సైకిళ్ళ ముందు సస్పెన్షన్ ఫోర్క్ మామూలు ఫోర్క్‌కన్నా కిలోన్నర దాకా బరువెక్కువ, లేచి నిలబడి తొక్కినప్పుడు ప్రతి తొక్కుకూ కుంగుతూ శ్రమలో కొంత తినేస్తుంది. 28 మిల్లీమీటర్ల సన్న టైరులో సుమారు 80 పీఎస్‌ఐ గాలి పట్టే మనిషికే 45 మిల్లీమీటర్ల టైరులో దాదాపు సగం ఒత్తిడి చాలు, ఆ మెత్తదనమే చిన్న గతుకులను కప్పేస్తుంది. రాళ్ళదారిలో, చెట్ల వేర్ల మీద తొక్కేవారికి సస్పెన్షన్ అవసరం నిజమైనదే; తారు, గట్టిమట్టి దారులకు వెడల్పు టైరుకన్నా మించినది లేదు. స్టీలు ఫ్రేమ్ మెత్తన, అల్యూమినియం గట్టి అన్న పాత వాదం కూడా టైరు వెడల్పు పెరిగేసరికి చాలావరకు పలచబడిపోతుంది.

దిగేటప్పుడు బ్రేకులు మోసే వేడి

ఎక్కినంత ఎత్తూ దిగక తప్పదు. 85 కిలోల జంట 100 మీటర్ల ఎత్తు దిగినప్పుడు విడుదలయ్యే శక్తి సుమారు 83 కిలోజౌళ్ళు. పావు లీటరు నీటిని 20 డిగ్రీల నుంచి మరిగేదాకా వేడిచేయడానికి సరిపోయేంత శక్తి అది. అందులో గాలి, టైర్లు తీసుకున్నది పోను మిగిలినదంతా బ్రేకులలో వేడిగా మారాలి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని మారిన్ కౌంటీలో 1976లో మొదలైన కొండ దిగుడు పందేలకు రీప్యాక్ అన్న పేరు ఈ వేడి వల్లనే వచ్చింది. పెడల్‌ను వెనక్కు తొక్కితే పడే ఆనాటి హబ్ బ్రేకులలో గ్రీజు కాలిపోయేది, ఒక్కసారి దిగగానే హబ్బు విప్పి మళ్ళీ గ్రీజు నింపవలసి వచ్చేది.

రిమ్‌ను పట్టే బ్రేకులు తేలిక, చవక, బాగుచేయడం సులువు. వాన తడిలో మొదటి కొన్ని చుట్లు పట్టు తక్కువ, సుదీర్ఘమైన నిటారు దిగుడులో రిమ్ వేడెక్కితే లోపలి ట్యూబుకు ప్రమాదం. డిస్క్ బ్రేకులు వేడిని టైరుకు దూరంగా ఉంచుతాయి, తడిలో బాగా పనిచేస్తాయి. వాటిలో తీగతో లాగే రకం ప్యాడ్లు అరిగేకొద్దీ తరచుగా సరిచేయించుకోవాలి, నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ రకం ఆ అరుగుదలను తానే సర్దుకుంటుంది. డిస్క్ అని పేరున్న ప్రతిదీ మేలైనదనుకోవడం పొరపాటు. నాసిరకం డిస్క్‌కన్నా రిమ్‌ను పట్టే రకాలలో ఒకటైన వి-బ్రేకు నాణ్యమైనదైతే మెరుగన్న మెకానిక్‌ల మాటలో నిజం ఉంది. తరచుగా తడి దిగుడులు ఎదురయ్యేవారికి హైడ్రాలిక్ మీద పెట్టే అదనపు ఖర్చు సార్థకమే.

మోటారు తోడు

బ్యాటరీ సైకిల్ ఈ లెక్కలన్నిటినీ మార్చేస్తుంది. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం సైకిల్‌గా లెక్కలోకి వచ్చే రకంలో మోటారు నిరంతర సామర్థ్యం 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్ల వేగం దాటాక దాని సాయం ఆగిపోవాలి. మనిషి 130, మోటారు 250 వాట్లు ఇస్తే సైకిల్ 25 కిలోలున్నా 10 శాతం వాలు మీద వేగం 5 నుంచి సుమారు 13 కిలోమీటర్లకు చేరుతుంది. చక్రం ఇరుసులో ఉండే మోటారు చవక, కాని నిటారు వాలులో నెమ్మదిగా తిరిగేటప్పుడు దాని సమర్థత తగ్గి వేడెక్కుతుంది. పెడళ్ళ దగ్గర అమర్చే మోటారు సైకిల్ గేర్లనే వాడుకుంటుంది కనుక కొండకు అదే అనువైనది, కాకపోతే చైన్, పళ్ళచక్రాలు త్వరగా అరుగుతాయి. కొన్నేళ్ళకు బ్యాటరీ మార్చే ఖర్చును మొదటి రోజే ధరలో కలుపుకోకపోతే లెక్క తప్పుతుంది. మోకాళ్ళు బలహీనమైనవారికి, బరువులు మోసేవారికి ఆ ఖర్చు వెనుక గట్టి కారణమే ఉంది.

ఉన్న సైకిల్‌కే కొత్త గేరు

అందరికీ కొత్త సైకిల్ అవసరం లేదు. ముందు 48, 38, 28, వెనుక 14 నుంచి 28 ఉన్న 21 గేర్ల హైబ్రిడ్‌నే తీసుకుందాం. ఫ్రీవీల్‌ను, అంటే వెనుక పళ్ళచక్రాల సెట్టును, 14 నుంచి 34 ఉన్నదానితో మార్చి, చైన్ పొడవు సరిచేస్తే అతి తేలిక గేరు 1 నుంచి 0.82కి దిగుతుంది. అదే 10 శాతం వాలు మీద నిమిషానికి 40 చుట్లు 48 అవుతాయి. మొత్తం సైకిల్ ధరలో ఇది చిన్న భాగమే. అయితే ఈ ఫ్రీవీల్‌లో 24 పళ్ళ తర్వాత ఒక్కసారిగా 34 వస్తుంది. గేరు మారగానే కాళ్ళు ఖాళీగా తిరిగినట్టవుతుంది, కొద్ది రోజులకు అలవాటవుతుంది.

ఈ మార్పుకు హద్దు పెట్టేది వెనుక డిరైల్యూర్. అది ఎంత పెద్ద పళ్ళచక్రం దాకా అందుకోగలదో, ఎంత చైన్‌ను ముడుచుకోగలదో తయారీదారు ముందే నిర్ణయిస్తాడు. రెండో అంకె సరిపోతుందా అని చూడడానికి ముందు పెద్ద, చిన్న చక్రాల పళ్ళ తేడాకు వెనుకటి తేడాను కలుపుతారు. పై సైకిల్‌లో అది 48 నుంచి 28 పోగా 20, 34 నుంచి 14 పోగా 20, మొత్తం 40 పళ్ళు. డిరైల్యూర్ కింద వేలాడుతూ చైన్‌ను బిగువుగా ఉంచే చట్రాన్ని పంజరం అంటారు. పొడవైన పంజరం ఉన్న డిరైల్యూర్లు సాధారణంగా ఇంత మోస్తాయి, రోడ్డు సైకిళ్ళకు బిగించే పొట్టివి మోయలేవు. పాత సైకిల్ కొనేటప్పుడు రంగుకన్నా ముందు ఈ పంజరం పొడవును చూసేవారు అందుకే ఉన్నారు: అది పొట్టిదైతే ఆ సైకిల్‌కు పెద్ద ఫ్రీవీల్‌తోపాటు డిరైల్యూర్ ధర కూడా కలుపుకోవాలి.